ఎవరును అప్పగింపని కాయకము – పింగళి వెంకయ్యగారి జీవితము

కాయకమనగా కూలి కొరకు చేయు పని మాత్రమే కాదు. శరణుల దృష్టిలో పనిచేయు చోటు పూజాస్థానముతో సమానము. బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండెను. రాజధనమును జంగమారాధనకు వ్యయము చేయుచున్నాడని కొందరు రాజునకు చాడీలు చెప్పగా, లెక్క చూచినప్పుడు ధనము కొంచెమైనను తగ్గలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను.

కొలువులో నున్నవాని ధర్మము రెండు విధములు. అప్పగించిన పనికి లెక్క చెప్పుట మొదటిది. అప్పగింపకున్నను లోకమునకు కావలసిన పనిని గుర్తించి తలకెత్తుకొనుట రెండవది. మొదటిది లేనివానికి రెండవది శోభింపదు. రెండవది లేనివాని పని జీతముతోనే ముగిసిపోవును. ఈ ధర్మము ఏ ఒక్క మతమువారి సొత్తును కాదు. కృష్ణా డెల్టాలో పుట్టి, మచిలీపట్టణమున ఉపాధ్యాయుడుగా పనిచేసిన పింగళి వెంకయ్యగారి జీవితము దీనికి చక్కని నిదర్శనము.

గుడివాడ నుండి మచిలీపట్టణమునకు పోవు రైలుదారిలో గుడ్లవల్లేరు కలదు. అచ్చటికి నైరుతి దిక్కున మొవ్వ ప్రాంతమున భట్లపెనుమర్రు అను గ్రామము కలదు. వెంకయ్యగారు 1876 ఆగస్టు 2వ తేదీన ఆ గ్రామమున జన్మించిరి. తండ్రి హనుమంతరాయుడుగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. బాల్యవిద్య చల్లపల్లిలోను, ఉన్నతపాఠశాల చదువు మచిలీపట్టణమునందును సాగెను. యౌవనారంభమున ఆయన సైన్యమున చేరి, 1899లో ఆరంభమైన బోయర్ యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు పోయిరి. గాంధీగారితో ఆయనకు పరిచయము కలిగినది అచ్చటనే.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప కొంతకాలము రైల్వే గార్డుగాను, కొంతకాలము ప్లేగు ఇన్‌స్పెక్టరుగాను పనిచేసిరి. సైన్యము, రైల్వే, ప్లేగు శాఖ – ఈ మూడును ఆజ్ఞల మీద నడచునవే. అయినను ఆ పనులలో ఆజ్ఞ కొరకు వేచియుండుటకు వీలులేని ఘడియలు వచ్చుచుండును. నడిరాత్రి నిర్జనప్రదేశమున బండి నిలిచిపోయినప్పుడు గార్డు తన దీపమును, జెండాను తానే చేతబట్టి దిగవలసియుండును. వ్యాధి సోకిన యింటికి ముందుగా పోవలసినవాడు ఇన్‌స్పెక్టరే. పైవాడు దాపున లేనప్పుడు కర్తవ్యభారము ఎదుట నున్నవానిదే యగును. ఇట్టి కొలువులలో మెలగినవారికి బాధ్యత యనగా నేమో పుస్తకములు చూచి నేర్చుకొనవలసిన అగత్యము లేదు.

వెంకయ్యగారి జిజ్ఞాసకు హద్దు లేదు. లాహోరునకు పోయి చదివిరి. జపానుభాష నేర్చి, ఆ భాషలో ప్రసంగింపగలిగినందున జనులు ఆయనను జపాన్ వెంకయ్య యనిరి. మునగాల సంస్థానమున నడిగూడెమునందుండి ప్రత్తి రకములపై పరిశోధనలు చేసినందున పత్తి వెంకయ్య యను పేరు వచ్చెను. తరువాతి కాలమున రత్నశిలల పరిశోధన వలన వజ్రాల వెంకయ్య యనియు పిలిచిరి. పేర్లు మారినను స్వభావమొక్కటే. చేతికి వచ్చిన పనిని పూర్తిగా తెలిసికొననిదే విడువకుండుట ఆయన నైజము.

1910లో మచిలీపట్టణమున ఆంధ్రజాతీయకళాశాల వెలసెను. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు దాని నిర్మాతలు. ప్రభుత్వము చేయిచాపి ఇచ్చినదానిపై ఆధారపడక, దేశీయమైన విద్యను, చేతిపనులను బోధింపవలెనని వారి సంకల్పము. ఆ కళాశాలలో వెంకయ్యగారు ఉపాధ్యాయులైరి. వ్యవసాయము, చరిత్ర బోధించుచు, విద్యార్థులకు గుర్రపుస్వారియు, సైనికశిక్షణయు నేర్పుచుండిరి. అది ఆయనకు అప్పగింపబడిన పని. దానిని చక్కగా నెరవేర్చి ఇంటికి పోయినను ఆయనను తప్పుపట్టువారు లేకుండిరి.

అయితే ఆయన మనస్సు మరియొక కొరతను గుర్తించెను. దేశీయుల సభలు ఏటేట జరుగుచున్నను, జాతియంతయు తనదని చెప్పుకొనదగిన పతాకము లేకుండెను. 1907లో మేడమ్ కామా జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఒక జెండాను ఎగురవేసిరి. 1917లో హోంరూలు ఉద్యమమువారు ఒక జెండాను వాడిరి గాని, దాని మూలలో బ్రిటిషువారి పతాకమే యుండెను. ఈ కొరతను తీర్చవలసిన అధికారి యెవరు? ఏ సంఘమును ఎవరిని నియమింపలేదు. ఇది ఎవరి పనియు కాదు గనుక తన పనియే యని వెంకయ్యగారు భావించిరి.

ఆవేశముతో ఒక గుడ్డకు రంగులద్ది సభకు తీసికొనిపోవుట సులభము. ఆయన అట్లు చేయలేదు. వివిధ దేశముల పతాకములను, వాటి యర్థములను పరిశీలించిరి. 1916లో భారతదేశమునకు ఒక జాతీయపతాకము అను విషయమై ఆంగ్లమున చిన్నపుస్తకము ప్రకటించి, అందు ముప్పది నమూనాలను చూపిరి. ఒక్క నమూనాతో తృప్తిపడక ముప్పది చూపుటలోనే, తన యిష్టమును నెగ్గించుకొనుట గాక పని నెరవేరుటయే ఆయన లక్ష్యమని తెలియుచున్నది.

పిదప కాంగ్రెసు మహాసభ ఎచ్చట జరిగినను ఈ విషయమును విడువక ముందుంచుచు వచ్చిరి. నాలుగేండ్లు ఇట్లు గడచెను. ఆయన పట్టుదలను గాంధీగారు మెచ్చుకొనిరి గాని, ఆ నమూనాలలో ఏదియు ఆయన మనస్సున కెక్కలేదు. ఈ సంగతిని గాంధీగారే తరువాత 1921 ఏప్రిల్ మాసమున తమ పత్రికయైన యంగ్ ఇండియాలో దాపరికము లేక వ్రాసిరి. అడిగి చేయించుకొన్న పని అంగీకరింపబడకున్న మనిషికి కోపము వచ్చును. అడుగకయే చేసిన పని నాలుగేండ్లు అంగీకరింపబడకున్న, మానివేయుటకు నూరు సాకులు దొరకును. వెంకయ్యగారు మానలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. పతాకముపై రాట్నము నుంచవలెనని జలంధరమునకు చెందిన లాలా హంసరాజుగారు సూచించియుండిరి. ఆ సూచన గాంధీగారికి నచ్చెను. ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నము గల నమూనా నొకదానిని సిద్ధము చేయుమని బెజవాడలో వెంకయ్యగారిని కోరిరి. మూడుగంటలలో జెండా గాంధీగారి చేతికి వచ్చెను. ఆ మూడుగంటల వెనుక ఎన్నియో ఏండ్ల సాధన కలదు. పిలుపు వచ్చిన పిదప నేర్చుకొన నారంభించినచో మూడుగంటలు చాలియుండవు.

ఇంత త్వరపడినను జెండా సభ యెదుట నుంచుటకు కొంచెము ఆలస్యమయ్యెను. ఆ యాలస్యము మేలే చేసెనని గాంధీగారు తలచిరి. ఏలయన, ఆలోచింపగా హిందూ ముస్లిములకు గుర్తులుగా ఎంచిన రెండు రంగులతో పాటు తక్కిన మతములవారికిని చోటుండవలెనని వారికి తోచెను. అందువలన తెలుపురంగు చేర్చబడెను. ఆ మూడు రంగుల రాట్నపు జెండాయే 1923లో నాగపురపు జెండా సత్యాగ్రహము వంటి ఉద్యమములలో వేలాదిమందిచే చేపట్టబడెను.

అంతటితో మార్పులు ఆగలేదు. 1931లో కాంగ్రెసు ఏడుగురితో ఒక పతాకసంఘమును నియమించెను. జాతీయకళాశాల నిర్మాతలలో ఒకరైన పట్టాభిసీతారామయ్యగారు అందు సభ్యులు. ఆ సంఘము కాషాయవర్ణము ఒక్కటియే చాలునని సూచించెను గాని, కాంగ్రెసు దానిని గ్రహింపక కాషాయము, తెలుపు, ఆకుపచ్చ వర్ణములు గల రాట్నపు పతాకమును ఆ యేటనే స్వీకరించెను. 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ పతాకమును నిర్ణయించునప్పుడు రాట్నమునకు బదులు అశోకుని ధర్మచక్రము వచ్చెను. కాబట్టి నేటి త్రివర్ణపతాకము ఒక్కరి చేతిపని కాదు. రాట్నపు తలంపు హంసరాజుగారిది. తెలుపు గాంధీగారిది. తుదిరూపమునకు ఇంకను పలువురి యోచన తోడ్పడెను. ఇట్లు చెప్పుటవలన వెంకయ్యగారి గౌరవమునకు లోటు రాదు. పొలమునకు మొదటి సాలు దున్నినవాడు పంటయంతయు తనదే యనకున్నను, ఆ సాలు లేనిదే పంట లేదు.

కార్యస్థానములలో తరచుగా కనబడు దోషములు రెండు. ఇది నా పని కాదని తొలగిపోవుట ఒకటి. పనిని తలకెత్తుకొన్న పిదప, ఇది నాదే, మరియొకరు తాకరాదని పట్టుకొని కూర్చుండుట రెండవది. మొదటిది సోమరితనము, రెండవది అహంకారము. తాను తెచ్చిన నమూనా నచ్చకున్న మరల తెచ్చుట, మరియొకరి సూచన మేలైన దాని ప్రకారము చేయుట, చేసినదానిని పదిమందికి అప్పగించుట – ఈ మూడును వెంకయ్యగారి నడవడిలో కనబడును. శరణులు దాసోహమనినది ఇట్టి యర్పణమునే. కాయకము దాసోహముతో గాని పూర్తికాదు.

అయితే దాసోహమున ఇచ్చువానికే కాక పుచ్చుకొనువారికిని ధర్మము కలదు. ఆ ధర్మమున లోకము వెంకయ్యగారి యెడ వెనుకబడెను. పతాకము ఢిల్లీకోటపై ఎగిరిన తరువాతను ఆయన జీవితము లేమిలోనే గడచెను. 1963 జూలై 4వ తేదీన ఆయన దివంగతులైరి. ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడుటకు 2009వ సంవత్సరము వరకు, అనగా నలుబదియారేండ్లు పట్టెను. తపాలా బిళ్ళ ఆకలి తీర్చునది కాదు. బ్రతికియున్న దినములలో గుర్తింపు, ఆసరా దొరకియుండిన ఆ వృద్ధాప్యము వేరుగా నుండెడిది.

ఆయ్దక్కి మారయ్య కావలసినదానికంటె ఎక్కువ బియ్యము ఏరి తేగా, మిగిలినవి తిరిగి అచ్చటనే పోసిరమ్మని భార్య లక్కమ్మ చెప్పెనని శరణచరిత్రలు తెలుపుచున్నవి. తన కాయకఫలములో తనకు చెల్లునది ఎంతయో తెలిసికొనుట ఆ కథలోని నీతి. దానికి మరియొక వైపు కూడ కలదు. ఇతరుని కాయకమునకు చెల్లవలసినదానిని తక్కువ చేయుటయు దోషమే.

మఠమున దాసోహపు లెక్కలు వ్రాయువారు, పాఠశాలలో బోధించువారు, అంగడిలోను కార్యాలయమునను కొలువు చేయువారు ఈ జీవితమునుండి గ్రహింపదగినది కలదు. అప్పగించిన పని ముగిసిన పిదప ఒకసారి చుట్టును చూడవలెను. ఇద్దరి పనుల నడుమ ఎవరికిని చెందక మిగిలిపోయిన పని ఏదో ఒకటి కనబడకపోదు. దానికి తగిన సాధన చేసి చేపట్టవలెను. పెద్దలైనవారు అట్టి పనివానిని ఆ దినముననే గుర్తించి, అతని యింటి యోగక్షేమము విచారింపవలెను.