సి.ఎస్.ఫారెస్టర్

సి.ఎస్.ఫారెస్టర్ (ఆగష్టు 27, 1899 - ఏప్రిల్ 2, 1966) ప్రసిద్ధి చెందిన ఆంగ్ల నవలా రచయిత. తెరచాప యుద్ధనౌకల కాలం నాటి బ్రిటిష్ నౌకాదళ జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకొని ఇతడు రచించిన హొరేషియో హార్న్‌బ్లోయర్ నవలలు చారిత్రక నౌకాసాహస సాహిత్యానికి ఒరవడి దిద్దాయి. ఇతని అసలు పేరు సెసిల్ లూయిస్ ట్రౌటన్ స్మిత్. సెసిల్ స్కాట్ ఫారెస్టర్ అన్నది కలం పేరు. ది ఆఫ్రికన్ క్వీన్, ది గుడ్ షెపర్డ్ ఇతని ఇతర ప్రఖ్యాత నవలలు. ఇతని రచనల ఆధారంగా 1932 మొదలుకొని 2020 వరకు పలు చలన చిత్రాలు వెలువడ్డాయి. దేహదారుఢ్యం లేదని సైన్యం తిరస్కరించిన ఈ రచయిత, భయాన్నీ ఆత్మసంశయాన్నీ లోలోపలే అణచుకొని కర్తవ్యం నెరవేర్చే వీరుణ్ణి సృష్టించాడు. ఆ అంతరంగ సంఘర్షణను తెరపై చూపడం ఇతని నవలలను చిత్రాలుగా మలచినవారికి పరీక్షగా నిలిచింది.

బాల్యము, విద్యాభ్యాసము

ఫారెస్టర్ ఈజిప్టు రాజధాని కైరోలో ఒక ఆంగ్లేయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జార్జ్ ఫాస్టర్ స్మిత్ ఈజిప్టు విద్యాశాఖలో పనిచేసేవాడు. తల్లి పేరు సారా. ఇతడు పసివాడుగా ఉన్నప్పుడే తల్లి పిల్లలను తీసుకొని లండన్ చేరింది. తండ్రి ఉద్యోగరీత్యా ఈజిప్టులోనే ఉండిపోయాడు. చిన్ననాటి నుండి ఫారెస్టర్ పుస్తకాలు విపరీతంగా చదివేవాడు. అలీన్స్ పాఠశాలలోను, డల్విచ్ కళాశాలలోను ఇతని చదువు సాగింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో చేరబోగా, వైద్య పరీక్షలో ఇతనిని అనర్హుడిగా తేల్చారు. తోటివారు యుద్ధరంగానికి తరలిపోగా ఇతడు ఇంటివద్దనే ఉండిపోవలసి వచ్చింది. ఆ తరువాత లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్యవిద్య అభ్యసించాడు గాని, పట్టా పొందకుండానే దానికి స్వస్తి చెప్పి రచననే వృత్తిగా స్వీకరించాడు.

తొలి రచనలు

ఇతనికి మొదట పేరు తెచ్చిన నవల పేమెంట్ డిఫర్డ్ (1926). డబ్బు కోసం హత్య చేసి, ఆ రహస్యం బయటపడుతుందన్న భీతితోనే కృశించిపోయే ఒక బ్యాంకు గుమాస్తా కథ ఇది. ఈ నవల 1931లో నాటకంగాను, 1932లో చార్లెస్ లాటన్ కథానాయకుడిగా చలన చిత్రంగాను వచ్చింది. 1926లోనే ఫారెస్టర్ క్యాథ్లీన్ బెల్చర్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు. ఈ దంపతులు ఒక చిన్న పడవలో ఫ్రాన్సు, జర్మనీ దేశాల నదులలో విహరించారు. పేమెంట్ డిఫర్డ్ నవలలోని గుమాస్తా భార్య యానీ మార్బుల్ పేరునే ఆ పడవకు పెట్టుకున్నారు. ఆ అనుభవాలను ఫారెస్టర్ రెండు యాత్రా గ్రంథాలుగా ప్రకటించాడు.

1929లో వెలువడిన బ్రౌన్ ఆన్ రిజల్యూషన్ ఇతని తొలి ముఖ్యమైన నౌకా నవల. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక సామాన్య నావికుడు నిర్జన ద్వీపంలో చేతిలో ఒక్క తుపాకితో నిలిచి, దెబ్బతిన్న జర్మను యుద్ధనౌక మరమ్మత్తును ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యం వల్లనే చివరకు ఆ నౌక శత్రువుల చేత చిక్కి మునిగిపోతుంది. ఆ సంగతి తెలియకుండానే నావికుడు మరణిస్తాడు. ఫలితం చూడకుండానే కర్తవ్యం నెరవేర్చే మనిషి అన్న ఈ భావన ఫారెస్టర్ తరువాతి రచనలలోను కనిపిస్తుంది.

హార్న్‌బ్లోయర్ నవలలు

1927లో ఫారెస్టర్ నేవల్ క్రానికల్ అనే పాత పత్రిక సంపుటాలు కొన్ని కొన్నాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో నౌకాధికారుల కోసం వెలువడిన పత్రిక అది. వీటిని చదవడం వల్ల ఆనాటి అధికారుల భాష, ఆలోచనా విధానం ఇతనికి పట్టుబడ్డాయి. దూరసముద్రాలలో ఉన్న కెప్టెన్‌కు స్వదేశపు వార్త చేరడానికి నెలలు పట్టే ఆ కాలంలో, సంధి కుదిరినా అతనికి తెలియదు, యుద్ధం మొదలైనా తెలియదు. ఎవరినీ సంప్రదించే వీలు లేక ఒంటరిగా నిర్ణయం తీసుకోవలసి వచ్చిన మనిషి స్థితి ఫారెస్టర్‌ను ఆకర్షించింది.

1930లలో ఇతడు హాలీవుడ్‌లో కథారచయితగా కొంతకాలం పనిచేశాడు. అక్కడినుండి ఒక సరుకుల నౌకలో మధ్య అమెరికా తీరం వెంబడి ప్రయాణించి ఇంగ్లాండుకు తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణంలో రూపుదిద్దుకున్న కథ 1937లో ది హ్యాపీ రిటర్న్ నవలగా వెలువడింది. కథాకాలం 1808. కెప్టెన్ హార్న్‌బ్లోయర్ 36 ఫిరంగుల లిడియా అనే ఫ్రిగేట్ నౌకతో మధ్య అమెరికా పసిఫిక్ తీరానికి చేరుకొని, స్పెయిన్‌పై తిరుగుబాటు చేస్తున్న ఒక నాయకునికి తోడ్పడతాడు. నాటివిదాద్ అనే స్పానిష్ యుద్ధనౌకను పట్టుకొని అతనికి అప్పగిస్తాడు. ఆ తరువాత, స్పెయిన్ అప్పటికే బ్రిటన్‌కు మిత్రదేశమైనదని వార్త అందుతుంది. తాను చేజేతులా అప్పగించిన, తనకంటే బలమైన నౌకతోనే అతడు మళ్ళీ పోరాడవలసి వస్తుంది.

1938లో ఎ షిప్ ఆఫ్ ది లైన్, ఫ్లయింగ్ కలర్స్ అనే నవలలు వెలువడ్డాయి. వీటికి జేమ్స్ టైట్ బ్లాక్ స్మారక పురస్కారం లభించింది. మొత్తంమీద పది సంపూర్ణ నవలలు వచ్చాయి. పదకొండవది అసంపూర్ణంగా మిగిలి, 1967లో రచయిత మరణానంతరం అచ్చయింది. నవలలు వెలువడిన క్రమానికీ కథాక్రమానికీ పొంతన లేదు. కెప్టెన్‌గా పాఠకులకు పరిచయమైన హార్న్‌బ్లోయర్ యౌవనం 1950లో వచ్చిన మిస్టర్ మిడ్‌షిప్‌మన్ హార్న్‌బ్లోయర్‌లో గాని తెలియరాలేదు.

ఈ వీరునికి లంగరు వేసిన నౌకలోనే కడుపులో తిప్పుతుంది. ఎత్తైన కొయ్యలు ఎక్కాలంటే భయం. సంగీతం బొత్తిగా చెవికెక్కదు. పలుచబడుతున్న జుట్టును చూసుకొని సిగ్గుపడతాడు. తాను పిరికివాడినని మనసులో నమ్ముతాడు. ఎక్కువ మాట్లాడతానేమోనన్న శంకతో గొంతు సవరించుకొని ఊరుకుంటాడు. నౌకలోనివారికి మాత్రం అతడు చలించని శిల వంటివాడు. ఇతరులు చూసే మనిషికీ అతడు ఎరిగిన తనకూ గల ఈ వ్యత్యాసమే ఆ నవలలకు ప్రాణం.

రెండవ ప్రపంచ యుద్ధము, అనారోగ్యము

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఫారెస్టర్ అమెరికాలో నివసిస్తూ, బ్రిటిష్ సమాచార శాఖ కోసం అమెరికా ప్రజల మద్దతు కూడగట్టే రచనలు చేశాడు. 1941 ఆగష్టులో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌ను కలుసుకోవడానికి యుద్ధనౌకలో వెళుతూ బ్రిటిష్ ప్రధాని చర్చిల్ హార్న్‌బ్లోయర్ కథలు చదివాడు. పుస్తకం బాగున్నదని అతడు పంపిన సందేశం చూసి, హార్న్‌బ్లోయర్ అన్నది ఏదో రహస్య దాడికి సంకేత నామమని మధ్యప్రాచ్యంలోని సైనికాధికారులు కొందరు కంగారుపడ్డారు.

1942లో వాషింగ్టన్‌లో ఫారెస్టర్ ఒక యువ వైమానికుని అనుభవాలు వ్రాయదలచి, వాటిని కాగితం మీద పెట్టి ఇమ్మని కోరాడు. ఆ వ్రాత చూసి, దానిని మార్చకుండానే పత్రికకు పంపించాడు. ఆ వైమానికుడే తరువాతి కాలంలో పిల్లల కథలతో ప్రపంచ ఖ్యాతి పొందిన రోల్డ్ డాల్.

బ్రిటిష్ యుద్ధనౌక పెనలోపీపై ప్రయాణించిన అనుభవంతో ఇతడు ది షిప్ (1943) నవల రచించాడు. అదే సంవత్సరం రక్తనాళాలు గట్టిపడే వ్యాధి సోకి, ఇతని నడక దెబ్బతిన్నది. సముద్రయానాలకు దూరమైన ఫారెస్టర్, ఆ స్థితిలోనే ది కమోడోర్ (1945) నవల పూర్తి చేశాడు. ఆ నవల చివర హార్న్‌బ్లోయర్ టైఫస్ జ్వరంతో కూలిపోతాడు. 1945లో ఫారెస్టర్ మొదటి వివాహం విడాకులతో ముగిసింది. 1947లో డొరోతీ ఫాస్టర్‌ను వివాహమాడాడు.

చలన చిత్రాలు

బ్రౌన్ ఆన్ రిజల్యూషన్ 1935లో జాన్ మిల్స్ కథానాయకుడిగా బ్రిటన్‌లో చిత్రంగా వచ్చింది. 1953లో ఇదే కథను రెండవ ప్రపంచ యుద్ధానికి మార్చి మరల తీశారు.

1951లో ఫారెస్టర్ నవలల ఆధారంగా రెండు పెద్ద చిత్రాలు విడుదలయ్యాయి. మొదటిది రౌల్ వాల్ష్ దర్శకత్వంలో గ్రెగరీ పెక్ నటించిన కెప్టెన్ హొరేషియో హార్న్‌బ్లోయర్. మొదటి మూడు నవలలను కలిపి ఒకే కథగా కూర్చడంలో ఫారెస్టర్ కూడా పాలుపంచుకున్నాడు. నౌకాయుద్ధాలు, లేడీ బార్బరాతో ప్రణయం తెరపై ప్రధానమయ్యాయి. నవలలో పుటల తరబడి సాగే ఆత్మనింద సహజంగానే తగ్గిపోయింది.

రెండవది జాన్ హ్యూస్టన్ దర్శకత్వం వహించిన ది ఆఫ్రికన్ క్వీన్. 1935 నాటి నవలలో, శత్రునౌకను పేల్చివేయాలని బయలుదేరిన నాయికా నాయకుల పడవ తుఫానులో మునిగిపోతుంది. వారి ప్రయత్నం విఫలమవుతుంది. జర్మను నౌకను ముంచేది బ్రిటిష్ నౌకాదళ పడవలు. చిత్రంలో మాత్రం మునిగిన పడవ శిథిలానికే శత్రునౌక తగిలి పేలిపోతుంది. అంటే, నవల ప్రయత్నంతో ఆగగా, చిత్రం విజయాన్ని కూడా వారికే ఇచ్చింది. ఇందులోని నటనకు హంఫ్రీ బోగార్ట్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ బహుమతి పొందాడు. క్యాథరిన్ హెప్బర్న్ ఇందులో కథానాయిక.

ది గన్ (1933) నవల 1957లో ది ప్రైడ్ అండ్ ది ప్యాషన్‌గాను, జర్మను యుద్ధనౌక బిస్మార్క్ చివరి తొమ్మిది రోజులను వర్ణించే 1959 నాటి గ్రంథం 1960లో సింక్ ది బిస్మార్క్‌గాను తెరకెక్కాయి.

1998 - 2003 మధ్య బ్రిటిష్ టెలివిజన్‌లో యోవాన్ గ్రఫిథ్ హార్న్‌బ్లోయర్‌గా ఎనిమిది చిత్రాలు ప్రసారమయ్యాయి. ఇవి కథను మిడ్‌షిప్‌మన్ దశ నుండి ప్రారంభించాయి. అధికార ముసుగు ఇంకా అలవడని కుర్రవాని భయం ముఖంలోనే కనిపిస్తుంది గనుక, పాత్ర స్వభావం తెరపై తేలికగా ఒదిగింది. ఈ ధారావాహిక 1999లో ఉత్తమ మినీ సిరీస్‌గా ఎమ్మీ పురస్కారం పొందింది.

ది గుడ్ షెపర్డ్ (1955) నవల 2020లో గ్రేహౌండ్ పేరుతో చిత్రమైంది. అట్లాంటిక్ సముద్రంలో 37 సరుకుల నౌకలను జర్మను జలాంతర్గాముల బారినుండి కాపాడే కమాండర్ క్రౌజ్ కథ ఇది. నవల అంతా అతని ఆలోచనలలోనే నడుస్తుంది. చిత్రానికి తానే కథనం వ్రాసి నటించిన టామ్ హ్యాంక్స్, ఆ ఆలోచనలను సంభాషణలుగా మార్చలేదు. తినే తీరిక లేక వదిలేసిన భోజనం, బూట్లలో నెత్తురోడే పాదాలు, వెంటవెంట ఇచ్చే ఆజ్ఞలు అతని స్థితిని తెలియజేస్తాయి.

చివరి దినాలు, ప్రభావము

ఫారెస్టర్ చివరి సంవత్సరాలు కాలిఫోర్నియాలో గడిచాయి. తన నవలల పుట్టుకను వివరిస్తూ, పటాలతో సహా ది హార్న్‌బ్లోయర్ కంపానియన్ (1964) ప్రచురించాడు. 1964లో పక్షవాతానికి గురైన ఇతడు ఏప్రిల్ 2, 1966న కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో మరణించాడు. లాంగ్ బిఫోర్ ఫార్టీ అనే ఆత్మకథ 1967లో వెలువడింది.

ఇతని తరువాత నౌకాసాహస నవలలు వ్రాసినవారిలో పాట్రిక్ ఓబ్రియన్ ప్రముఖుడు. 1969లో మొదలైన ఓబ్రియన్ నవలల ఆధారంగా 2003లో పీటర్ వియర్ మాస్టర్ అండ్ కమాండర్ చిత్రాన్ని తీశాడు. స్టార్ ట్రెక్ టెలివిజన్ ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ, తన అంతరిక్ష నౌక కెప్టెన్ పాత్రకు హార్న్‌బ్లోయర్‌ను ఆదర్శంగా తీసుకున్నాడు.