క్లిఫర్డ్ బీర్స్

క్లిఫర్డ్ విటింగ్‌హామ్ బీర్స్ (మార్చి 30, 1876 - జూలై 9, 1943) అమెరికాకు చెందిన సంఘ సంస్కర్త. మానసిక వ్యాధి నుండి కోలుకొని, ఆ అనుభవమే ఆధారంగా మానసిక చికిత్సాలయాల సంస్కరణకు పూనుకొన్నాడు.

జీవితం

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో జన్మించాడు. 1897లో యేల్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. అన్నకు వచ్చిన మూర్ఛవ్యాధి తనకూ వస్తుందన్న భయం అతనిని వెంటాడింది. 1900లో ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికాడు. తరువాత మూడేళ్ళు మూడు చికిత్సాలయాలలో గడిపాడు. అక్కడ సిబ్బంది దెబ్బలను, చేతులు కదలనీయని బిగుతు చొక్కాను స్వయంగా అనుభవించాడు.

ఉద్యమం

1908లో ఆత్మకథను ప్రచురించి, అదే ఏడాది కనెక్టికట్‌లో మానసిక ఆరోగ్య సంఘాన్ని, 1909లో జాతీయ సంఘాన్ని స్థాపించాడు. 1913లో న్యూ హేవెన్‌లో ప్రారంభించిన క్లినిక్, రోగులు ఇంటివద్దనే ఉంటూ చికిత్స పొందే తొలి అమెరికా కేంద్రాలలో ఒకటి.

అయితే జాతీయ సంఘంలో క్రమంగా వైద్యుల మాటే చెల్లింది. చికిత్సాలయాల సంస్కరణ కంటే వ్యాధి నివారణకే ప్రాధాన్యం పెరిగింది. 1939లో బీర్స్ తిరిగి అస్వస్థుడై రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఒక మానసిక చికిత్సాలయంలో చేరి, అక్కడే మరణించాడు.

అనంతర కాలం

రోగుల అనుభవానికి నిర్ణయాలలో చోటుండాలన్న భావన 1970 దశకంలో మళ్ళీ బలపడింది. భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, కేంద్ర, రాష్ట్ర ప్రాధికార సంస్థలలో మానసిక వ్యాధిని అనుభవించినవారి ప్రతినిధులకు సభ్యత్వం కల్పించింది.