సర్ ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 - జూలై 24, 1899) బ్రిటిషు సైనిక ఇంజనీరు మరియు నీటిపారుదల నిపుణుడు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి డెల్టా ప్రాంతాన్ని సస్యశ్యామలం చేసినవాడిగా తెలుగువారికి చిరస్మరణీయుడు. నీటి మట్టం, పీడనం, వాలు వంటి భౌతికశాస్త్ర విషయాలు నిత్యజీవితాన్ని ఎంతగా మార్చగలవో తెలియడానికి ఇతని జీవితం చక్కని ఉదాహరణ.

తొలి జీవితం

కాటన్ ఇంగ్లాండులో జన్మించాడు. ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కాంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మద్రాసు వచ్చాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్న తరువాత కావేరి పనులలో నియమితుడయ్యాడు. చోళుల నాటి కల్లణై ఆనకట్ట ఇసుకపైననే శతాబ్దాలుగా నిలిచి ఉండటాన్ని అక్కడ గమనించాడు. నది అడుగున రాతినేల లేకపోయినా ఆనకట్ట కట్టవచ్చునని గ్రహించి, 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించాడు.

గోదావరి ఆనకట్ట

1830లలో గోదావరి ప్రాంతం కరువులతోను, 1839లో తుఫానుతోను తల్లడిల్లింది. పక్కనే మహానది పారుతున్నా పొలాలు ఎండేవి. నీరు లేక కాదు, వేసవిలో నీటి మట్టం నేల కంటె దిగువన ఉండటమే కారణం. నీరు పల్లానికే పారుతుంది కనుక మట్టాన్ని కొన్ని అడుగులు పెంచితే చాలునని కాటన్ 1844-45లో నివేదికలు సమర్పించాడు. నది తెచ్చిన ఒండ్రు గట్ల వద్దనే ఎక్కువగా పేరుకొంటుంది. అందువలన డెల్టాలో నది ఒడ్డు మెరకగాను, దూరపు నేల పల్లంగాను ఉంటాయి. మెరక వెంబడి కాలువ తవ్వితే ఏతాలు, గూడలు లేకుండా గురుత్వాకర్షణ బలంతోనే నీరు పొలాలకు చేరుతుంది.

1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా, సుమారు 12,000 అడుగుల పొడవున ఆనకట్ట వెలసింది. నది ఎంత వెడల్పు అయినా నీటి పీడనం లోతుపైననే ఆధారపడుతుంది. కనుక ఎత్తు తక్కువైన ఈ గోడకు పీడనం వలన కలిగే ముప్పు కంటె, అడుగున ఇసుక కోసుకుపోవడం వలన కలిగే ముప్పే పెద్దది. అందుకే ఇసుకలో నూతులు దింపి పునాది వేశారు. దిగువన పెద్ద రాళ్ళు పరచి, దూకే నీటి వేగాన్ని అణచారు. తెలుగువాడైన వీణెం వీరన్న ఈ నిర్మాణంలో కాటన్‌కు కుడిభుజంగా పనిచేశాడు.

గన్నవరం అక్విడక్టు, అప్పనపల్లి

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న నాగరం దీవికి కాలువ నీరు అందాలంటే వైనతేయను దాటాలి. కాటన్ ప్రణాళికను అనుసరించి ఇంజనీరు హేగ్ 1850ల తొలినాళ్ళలో గన్నవరం వద్ద 40 అడుగుల వెడల్పు గల 49 కమానులపై నదిమీదుగా కాలువను నడిపించాడు. కమాను పైబరువును పక్కలకు మళ్ళించి స్తంభాలపైకి దింపుతుంది. ఇటుక, రాయి అటువంటి ఒత్తిడిని బాగా తట్టుకొంటాయి. బాలబాలాజీ ఆలయంతో ప్రసిద్ధమైన అప్పనపల్లి (మామిడికుదురు మండలం) ఈ దీవిలో వైనతేయ ఒడ్డున ఉన్నది. సముద్రపు పోటుకు ఉప్పునీరు ఎగదన్నే పాయ ప్రక్కనే ఉన్నా, ఈ ప్రాంతపు పొలాలకు మంచినీరు పైనుండి కాలువ ద్వారా వస్తుంది. శిథిలమైన పాత అక్విడక్టు స్థానంలో తరువాతి కాలంలో కట్టిన దానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

కాలువలను పడవల రాకపోకలకు కూడా అనువుగా తవ్వించారు. కోనసీమవాసులకు సుపరిచితమైన లాకులలో తలుపులు మూసి నీటిని నింపితే పడవ దానంతటదే పై మట్టానికి లేస్తుంది.

చివరి దశ

కాటన్ 1860లో ఇంగ్లాండు చేరాడు. 1861లో సర్ బిరుదు లభించింది. రైలుమార్గాల కంటె కాలువలే భారతదేశానికి మేలని వాదించి, 1878లో పార్లమెంటు సంఘం ఎదుట కఠినమైన ప్రశ్నలను ఎదుర్కొన్నాడు. అతని వాదన నెగ్గలేదు. వృద్ధాప్యంలో డోర్కింగ్‌లో వ్యవసాయ ప్రయోగాలు చేస్తూ, 1899లో అక్కడే మరణించాడు.

స్మృతి చిహ్నాలు

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజికి కాటన్ పేరు పెట్టారు. దాని క్రింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ధవళేశ్వరంలో అతని పేరిట మ్యూజియం ఉన్నది. గోదావరి డెల్టాలోని అనేక గ్రామాలలో అతని విగ్రహాలు కనిపిస్తాయి.