రాతిగొడ్డలి జాడ పట్టిన ఫుట్ దొర

నున్నగా అరగదీసి, ఒక కొస పదునుగా ఉన్న నల్లరాయి చేలో దొరికితే, అది పిడుగుతోపాటు పడిందని ఒకప్పుడు పల్లెల్లో నమ్మేవారు. అది పిడుగురాయి కాదు, ఆదిమానవుడి పనిముట్టు. ఇలాంటి రాళ్లను మన దేశంలో ఊరూరా వెతికి, లెక్క రాసి పెట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టిన ఫుట్, 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగిగా మద్రాసు వచ్చారు. ఆ మరుసటి ఏడే, ఫ్రాన్సులో దొరికిన చెక్కిన రాళ్లు అతి ప్రాచీన మానవుడివేనని ఐరోపా పండితులు ఒప్పుకున్నారు. అలాంటివి ఇక్కడా ఉండవచ్చని ఫుట్ కన్ను వేశారు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, కంకర గుంతలో ఒక చేతిగొడ్డలి కనిపించింది. అదే ఏడు సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరెన్నో కనుగొన్నారు. అక్కడి పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది.

ఆయన ఉద్యోగం గనులు, శిలలు చూడడం. రాతి పనిముట్ల వెతుకులాట ఆ తిరుగుడులోనే సాగింది. 1884 ప్రాంతంలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఆయనా, కుమారుడు హెన్రీ తవ్వకాలు జరిపారు. బళ్లారి సమీపంలో గొడ్డళ్లు తయారుచేసిన కప్పగల్లు కొండను పరిశీలించారు. ఆ జిల్లాలోని బూడిద దిబ్బలు పూర్వం పశువుల పేడ కాలగా ఏర్పడినవని గ్రహించారు. 1957లో పాలమూరు ప్రాంతంలో మొదలైన ఆల్చిన్ తవ్వకాలు దాన్ని బలపరిచాయి.

బళ్లారి జిల్లా భూగర్భంపై ఫుట్ గ్రంథం 1895లో వెలువడింది. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే ఇవి కర్నూలు జిల్లాలో చేరాయి. అందుకే ఈ సీమ పాత సంగతులు వెతికేవారు కర్నూలు పేరుతో కాక, బళ్లారి పేరుతో చూడాలి.

ఫుట్ సేకరణను మద్రాసు మ్యూజియం 1904లో కొన్నది. ఆయన 1912 డిసెంబరు 29న కన్నుమూశారు. వస్తువుల పట్టిక 1914లో, వివరణ గ్రంథం 1916లో అచ్చయ్యాయి.

దొరికిన చోటు రాసి ఉంచడమే ఆయన చేసిన గొప్ప మేలు. ఊరు పేరు లేని రాతిగొడ్డలి వట్టి రాయే. చేలో అలాంటిది కనబడితే, ఏ పొలంలో దొరికిందో రాసి పురావస్తు శాఖకు తెలిపితే, ఫుట్ మొదలుపెట్టిన లెక్కలో ఆ ఊరూ చేరుతుంది.