హ్యూ కెయిర్న్స్

సర్ హ్యూ విలియం బెల్ కెయిర్న్స్ (జూన్ 26, 1896 – జూలై 18, 1952) ఆస్ట్రేలియాలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన సుప్రసిద్ధ మెదడు శస్త్రచికిత్సా నిపుణుడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తొలి నఫీల్డ్ శస్త్రచికిత్సా ఆచార్యుడు. మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెటు (శిరస్త్రాణం) ప్రాణరక్షణ కలిగిస్తుందని గణాంకాలతో చూపిన తొలి వైద్యులలో ఇతడు ముఖ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

కెయిర్న్స్ దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ పట్టణంలో జన్మించాడు. అడిలైడ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసిస్తుండగా మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. సైనిక వైద్యశాలలో కొంతకాలం సేవచేసి, తిరిగివచ్చి 1917లో పట్టభద్రుడయ్యాడు. రోడ్స్ విద్యార్థి వేతనం పొంది ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో చేరాడు. 1920లో ఆక్స్‌ఫర్డ్ తరఫున పడవ పందెంలో పాల్గొన్నాడు. 1921లో బార్బరా స్మిత్‌ను వివాహమాడాడు.

వైద్యవృత్తి

1926లో అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళి, ఆధునిక మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడైన హార్వే కుషింగ్ వద్ద శిక్షణ పొందాడు. తిరిగివచ్చి లండన్ ఆసుపత్రిలో ఈ వైద్యశాఖను అభివృద్ధి పరచాడు. మోటారు కార్ల పరిశ్రమాధిపతి లార్డ్ నఫీల్డ్ ఇచ్చిన విరాళంతో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నత వైద్యవిద్య నెలకొనడానికి కృషిచేసి, 1937లో అక్కడ ఆచార్య పదవిని స్వీకరించాడు.

లారెన్సు మరణం

అరేబియా లారెన్సుగా పేరుపొందిన టి.ఇ.లారెన్సు 1935 మే 13న డోర్సెట్‌లోని తన ఇంటికి సమీపంలో, సైకిళ్ళపై వెళుతున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలు మీదనుండి పడిపోయాడు. తలపై రక్షణ ఏదీ లేదు. ఆరు రోజులపాటు స్పృహ లేకుండా ఉండి మే 19న మరణించాడు. అప్పటికి అతని వయస్సు 46 సంవత్సరాలు. చికిత్సకు పిలిపించిన వైద్యులలో కెయిర్న్స్ ఒకడు. మెదడుకు తగిలిన గాయం అప్పటి శస్త్రచికిత్సకు లొంగనిది కావడంతో అతనిని కాపాడలేకపోయారు. తరువాతి కాలంలో కెయిర్న్స్ దృష్టి ఇటువంటి గాయాలకు చికిత్స చేయడంతో పాటు అవి తగలకుండా నివారించడంపైకి కూడా మళ్ళింది.

యుద్ధకాలపు పరిశోధన

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కెయిర్న్స్ ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ కళాశాల భవనాలలో తలగాయాలకు ప్రత్యేక సైనిక వైద్యశాలను నెలకొల్పాడు. యుద్ధరంగానికి తరలివెళ్ళే సంచార శస్త్రచికిత్సా దళాలను రూపొందించాడు. 1943లో హోవార్డ్ ఫ్లోరీతో కలిసి ఉత్తర ఆఫ్రికాలో సైనికుల గాయాలపై పెన్సిలిన్‌ను పరీక్షించాడు.

సైన్యంలో వార్తలు చేరవేసేవారు మోటారు సైకిళ్ళపై తిరిగేవారు. 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కెయిర్న్స్ ఒక వ్యాసం ప్రచురించాడు. యుద్ధానికి ముందు 21 నెలలలో బ్రిటన్‌లో 1,884 మంది మోటారు సైకిలు చోదకులు మరణించగా, యుద్ధం మొదలైన తరువాతి 21 నెలలలో 2,279 మంది మరణించారని అందులో చూపాడు. హెల్మెటు ధరించి ప్రమాదానికి గురైనవారు ఏడుగురే అతని పరిశీలనకు వచ్చారు, ఏడుగురూ బ్రతికారు. ఉదాహరణలు కొద్దివే అయినా విషయం స్పష్టంగా ఉంది. అదే సంవత్సరం నవంబరులో సైన్యం తన మోటారు సైకిలు చోదకులకు హెల్మెటును తప్పనిసరి చేసింది. 1946లో ప్రచురించిన మరొక వ్యాసంలో, ఆ తరువాత మరణాలు బాగా తగ్గిన తీరును వివరించాడు. పౌరులకు పెట్రోలు కొరత కూడా ఈ తగ్గుదలకు కొంత కారణం.

ఆక్స్‌ఫర్డ్‌లోని భౌతిక శాస్త్రవేత్త హోల్‌బర్న్ ఈ కృషిలో అతనికి సహకరించాడు. తల అకస్మాత్తుగా మెలితిరిగినప్పుడు మెదడు ఎలా దెబ్బతింటుందో హోల్‌బర్న్ 1943లో వివరించాడు.

మరణం, ప్రభావం

కెయిర్న్స్‌కు 1946లో సర్ బిరుదు లభించింది. 1952లో తన 56వ ఏట ఆక్స్‌ఫర్డ్‌లో కాన్సరు వ్యాధితో మరణించాడు. బ్రిటన్‌లో మోటారు సైకిలు నడిపేవారందరికీ హెల్మెటు తప్పనిసరి అయింది 1973 జూన్ 1న, అనగా అతని మరణానంతరం దాదాపు 21 సంవత్సరాలకు.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెటును తప్పనిసరి చేసింది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. హెల్మెటు తలకు పట్టీతో గట్టిగా బిగించి ఉండాలని కూడా ఈ సెక్షను చెబుతుంది. ఊరికే తలపై పెట్టుకున్నది, బండి హేండిలుకు తగిలించినది చట్టం దృష్టిలో హెల్మెటు ధరించినట్లు కాదు. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషేధింపబడ్డాయి.

తలకు సరిపడే హెల్మెటు

హెల్మెటు పైచిప్ప దెబ్బను విశాలంగా వ్యాపింపజేస్తుంది. లోపలి థర్మోకోల్ వంటి పొర నలిగి, దెబ్బ తీవ్రతను తాను గ్రహిస్తుంది. వదులుగా ఉన్న హెల్మెటు ప్రమాద సమయంలో పక్కకు జరుగుతుంది లేదా ఊడిపోతుంది. అప్పుడు ఈ రెండు పొరలూ నిష్ప్రయోజనమే. కనుక సిరిసిల్లలో గానీ కోరుట్ల, జగిత్యాలలలో గానీ కొనేవారు ఈ క్రింది విషయాలు గమనించాలి.

* కనుబొమల పైన సుమారు 2.5 సెంటీమీటర్ల ఎత్తున, వెనుక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట మీదుగా టేపుతో చుట్టుకొలత తీసుకోవాలి. కొలతలు ఒక్కొక్క కంపెనీకి కొద్దిగా మారుతాయి, కనుక ధరించి చూసిన తరువాతనే కొనాలి.
* బుగ్గలను, తలను అన్నివైపులా సమంగా పట్టి ఉండాలి. పదిహేను నిమిషాలు ఉంచుకొన్నప్పుడు నుదుట ఒకేచోట నొప్పి పుడితే ఆ ఆకారం మనకు సరిపడదు.
* పట్టీ బిగించి తలను అటూ ఇటూ కదిపితే హెల్మెటు తలతోపాటే కదలాలి. వెనుక అంచును పట్టి ముందుకు ఎత్తితే ఊడి రాకూడదు.
* గడ్డం క్రింది పట్టీలో ఒకటి రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు.
* లోపలి మెత్తలు వాడకంలో కొంత అణుగుతాయి. అందుచేత కొత్తది కొద్దిగా బిగుతుగా ఉండడం మంచిదే. పెరిగే పిల్లలకు మాత్రం ముందుచూపుతో పెద్దది కొనరాదు.
* ఒకసారి ప్రమాదంలో గట్టి దెబ్బ తగిలిన హెల్మెటును, పైకి పగుళ్ళు కనిపించకపోయినా, తిరిగి వాడరాదు.