జేబులో దాగిన పిస్తోలు: జాన్ మోజెస్ బ్రౌనింగు

1865 ఏప్రిలు 14వ తేది రాత్రి వాషింగ్టను నగరమున ఒక నాటకశాలలో అమెరికా అధ్యక్షుడు అబ్రహాము లింకనుపై కాల్చిన పిస్తోలు అరచేతిలో దాగునంతటిది. ఫిలడెల్ఫియా నగరమున హెన్రీ డెరింజరు అను తుపాకిపనివాడు దానిని చేసెను. దానిలో పట్టునది ఒక్కటే గుండు. గొట్టపు మూతినుండి మందు కూరి, గుండు దిగగొట్టి, వెనుక చిన్న టోపీ యమర్చి కాల్చవలెను. ఒకమారు కాల్చిన పిదప మరల నింపుటకు వ్యవధి చాలదు. అందుకే హంతకుడు దానిని పారవైచి, తనను పట్టుకొనవచ్చిన సైనికోద్యోగిపై కత్తి దూసెను. జేబు పిస్తోలు చరిత్రలోని చిక్కంతయు ఇందే యున్నది. ఆయుధము చిన్నదైనకొలది దాచుట సులభము. చిన్నదైనకొలది దాని సత్తువ తరుగును. ఈ చిక్కు విప్పబూనినవారు పలువురు కలరు. అందరికంటె మిన్నగా విప్పినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు.

ఆ 1865వ సంవత్సరమున బ్రౌనింగు పదేండ్ల బాలుడు. అమెరికా పశ్చిమభాగమున యూటా సీమలోని ఆగ్డెను పట్టణము అతని జన్మస్థలము. తండ్రి జొనాథను తుపాకులు చేయుటయందు నేర్పరి. మార్మను మతము స్వీకరించి, స్వమతస్థులతోపాటు మిసిసిపీ నదీతీరమును విడిచి ఆ కొండల నడిమికి వలసవచ్చినవాడు. ముగ్గురు భార్యలవలన ఆయనకు ఇరువదిరెండుమంది సంతానము. దుకాణపు మూలల పడియున్న విరిగిన తుపాకుల ముక్కలే జానునకు ఆటవస్తువులు. పదేండ్ల ప్రాయముననే, పనికిరాదని పారవేసిన గొట్టము నొకదానిని తెచ్చి, చెక్కిన కట్టెకు తీగతో బిగించి, తమ్ముడు మాటును వెంటబెట్టుకొని అడవికోళ్ళ వేటకు పోయెనని ఆ కుటుంబమున చెప్పుకొందురు. బడిచదువు స్వల్పము. పిమ్మట కూడ ఆయనకు కాగితముపై వివరమైన పటములు గీసి పనిచేయు నలవాటు లేకుండెను. ఊహను మనసులోనే త్రిప్పిత్రిప్పి చూచుకొని, తిన్నగా ఉక్కు ముక్కపై ఆకురాయి పెట్టుటయే ఆయన పద్ధతి.

1879వ సంవత్సరము ఆ జీవితమున పెద్ద మలుపు. ఆ యేడే తండ్రి గతించెను. ఆ యేడే జానుకు వివాహమయ్యెను. ఆ యేడే ఒక్క తూటా పట్టు రైఫిలుకు తొలి పేటెంటు లభించెను. అన్నదమ్ములు కలిసి ఆగ్డెనులో చిన్న కర్మాగారము నెలకొల్పి ఆ రైఫిలును చేయసాగిరి. 1883లో వించెస్టరు కంపెనీ ఉపాధ్యక్షుడు బెన్నెటు స్వయముగా అచ్చటికి వచ్చి, 8000 డాలర్లకు ఆ హక్కులను కొనెను. అది మొదలు సుమారు పంతొమ్మిదేండ్లపాటు బ్రౌనింగు నమూనా చేయుట, వించెస్టరువారు కొనుట ఆచారమయ్యెను. వారు కొన్నవి 44. తయారుచేసి అమ్మినవి పది. తక్కినవి ప్రత్యర్థుల చేత పడకుండ కొని బీరువాలో పెట్టినవే. శిల్పి చెక్కిన బొమ్మలను కొని గదిలో వేసి తాళము పెట్టుట వంటి వ్యాపారమిది. అయినను డబ్బు ముట్టుచున్నంతకాలము బ్రౌనింగు దానికి అభ్యంతరము చెప్పలేదు.

జేబు పిస్తోలునకు దారితీసిన ఊహ 1889లో పుట్టెను. ఆగ్డెను సమీపమున గురిచూచి కాల్చు పందెము జరుగుచుండగా, తుపాకి మ్రోగినప్పుడెల్ల గొట్టపు మూతి కెదుటనున్న మొక్కలు వంగుట బ్రౌనింగు గమనించెను. అంతకుముందు వేలమంది చూచియుందురు. వంగిన మొక్కలను చూచి ఊరకుండిరి. గుండు వెంట వెలువడు వాయువులో ఇంకను వ్యర్థమగుచున్న శక్తి కలదనియు, దానిచేతనే తుపాకి తన్ను తాను నింపుకొనునట్లు చేయవచ్చుననియు ఆయన గ్రహించెను. మరునాటినుండియే పని ప్రారంభమయ్యెను. ఆ దారిలో మరతుపాకి వచ్చెను. పిదప తానే నింపుకొను పిస్తోళ్ళు వచ్చెను.

చిన్న పిస్తోలు విషయమున ఆయన మరింత సులభమైన ఉపాయము పట్టుకొనెను. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య కలదని బడిపిల్లలు చదువుదురు గదా! గుండు ముందునకు పోవునపుడు తూటా గుల్ల అంతే బలమున వెనుకకు నెట్టబడవలెను. కాని దాని వెనుక బరువైన ఉక్కు తొడుగును, బలమైన స్ప్రింగును ఉన్నచో, గుండు గొట్టము దాటిపోవువరకు ఆ తొడుగు మెల్లగానే కదలును. పిదప వెనుకకు జారి ఖాళీ గుల్లను బయటికి విసిరి, స్ప్రింగు నెట్టగా ముందునకు వచ్చుచు పిడిలోని పెట్టెనుండి మరియొక తూటాను గొట్టములోనికి త్రోయును. తాళములు లేవు, లంకెలు లేవు. అయితే ఈ యుపాయము చిన్న తూటాలకే చెల్లును. పెద్ద తూటా అయినచో తొడుగు మోయరానంత బరువు కావలెను. కనుక ఆయన పిస్తోలుతోపాటు దానికి తగిన తూటాలను కూడ రూపొందించెను. 7.65 మిల్లీమీటర్లది మొదటిది, 6.35 దానికి చిన్నది. 1908లో వచ్చిన 9 మిల్లీమీటర్ల పొట్టి తూటా పెద్దది. తూటాను, ఆయుధమును ఒకే బుద్ధి కన్నందువలననే ఆ రెండును అంత చక్కగా పొసగెను.

1897లో ఒక చిత్రమైన సమావేశము జరిగెను. బెల్జియము దేశమున లియేజి నగరము చెంత ఎర్స్టాలులో, సైన్యమునకు రైఫిళ్ళు చేయుటకై 1889లో స్థాపింపబడిన జాతీయ ఆయుధ కర్మాగారము పనిలేక సైకిళ్ళవైపు చూచుచుండెను. దాని ప్రతినిధి హార్టు బెర్గు సైకిళ్ళ తయారీ తెలిసికొనుటకై అమెరికాకు వచ్చి, చేత బ్రౌనింగు పిస్తోలుతో మరలిపోయెను. అమెరికాలోని కోల్టు కంపెనీకి పెద్ద పిస్తోళ్ళపై నున్న మక్కువ ఆ చిన్నదానిపై లేకపోయెను. ఆ విధముగా సైకిలు కొరకు వచ్చినవాని సంచిలో శతాబ్దపు ఆయుధము ఐరోపాకు చేరెను.

అదియే 1900 నమూనా. బరువు సుమారు 625 గ్రాములు. ఏడు తూటాలు పట్టును. గొట్టముపైన నుండు ఒకే స్ప్రింగు తొడుగును ముందునకు నెట్టుటకును, తూటాను పేల్చు సూదిని కొట్టుటకును పనికివచ్చును. అంతకుముందు జేబులో పెట్టుకొనుటకు రివాల్వరే శరణ్యము. దానిలో తూటాలు నిలుచు గుండ్రని భాగము జేబును ఉబ్బించును. వెలుపల నిక్కియుండు సుత్తి, తీయునపుడు బట్టకు తగుల్కొనును. బ్రౌనింగు పిస్తోలు పలక వలె చదునైనది. ఏడు లక్షలకు పైగా అమ్ముడుపోయెను. ఫ్రెంచి, రష్యను భాషలలో బ్రౌనింగు అనుమాట పిస్తోలునకు మారుపేరయ్యెను.

మొదట చులకన చేసిన కోల్టు కంపెనీ పిదప మేలుకొనెను. 1903లో ఆ కంపెనీ కొరకు ఆయన చేసిన జేబు పిస్తోలు మునుపటిదానికంటె నునుపు. దానికి సుత్తి లేదని ప్రకటనలలో వ్రాసిరి గాని అది సరికాదు. సుత్తి తొడుగు లోపల దాగియున్నది. బట్టకు తగులునది లేదనుటయే దాని యర్థము. పిడి వెనుక మరియొక రక్షణకీలు చేర్చెను. అరచేయి పిడిని గట్టిగా పట్టిననే తప్ప అది పేలదు. బరువు కొంచెము హెచ్చు, సుమారు 680 గ్రాములు, తూటాలు ఎనిమిది. చేతిలో నిలుకడగా నిలుచుట ఈ బరువు వలని లాభము. 1945 వరకు దానిని తయారుచేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సేనాపతులకు ఇచ్చినదియు ఇదే.

సౌలభ్యమును కడకంట లాగిన యెడల ఏమగునో 1906 నమూనా చూపును. కోటు లోపలి వెయిస్టుకోటు జేబున గడియారమువలె ఇముడునది. పొడవు 11 సెంటీమీటర్లకు కొంచెము పైన. బరువు సుమారు 370 గ్రాములు. 6.35 తూటాలు ఆరు. జేబులో నున్నట్లు పక్కవానికి గాదు, ధరించినవానికే స్ఫురణ కుండదు. కాని గొట్టము అంగుళములు రెండే. గురిచూచుటకు చాలినంత నిడివి లేదు, పిడికి రెండు వ్రేళ్ళకంటె పట్టవు, గుండు బలము స్వల్పము. అయినను జనము ఎగబడి కొనిరి. చాలమందికి కావలసినది ఆయుధముకంటె ఆయుధమున్నదను ధైర్యమే యని దీనివలన తోచును.

ఈ రెండింటి నడుమ సమతూకము 1910 నమూనాలో కుదిరెను. స్ప్రింగును పైనగాని క్రిందగాని పెట్టక గొట్టము చుట్టునే చుట్టుటచే పిస్తోలు సన్నబడెను. గురిచూపు గుర్తులను సైతము తొడుగుపై గాడిలో పొదిగెను. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 600 గ్రాములకు లోపు, 7.65 తూటాలు ఏడు, లేదా 9 మిల్లీమీటర్ల పొట్టి తూటాలు ఆరు. రక్షణకీళ్ళు మూడు: బొటనవ్రేలితో త్రిప్పునది ఒకటి, పిడి వెనుకనున్నది ఒకటి, తూటాల పెట్టె తీసివేసినపుడు పేలకుండ ఆపునది ఒకటి. జేబు పిస్తోళ్ళ నన్నిటిని వరుసగా పెట్టి చూచినచో ఉత్తమస్థానము దీనిదే. ఆ మూడు కీళ్ళును పట్టుకొన్నవాని తొడను, చేతిని కాపాడుట కుద్దేశింపబడినవి. ఎదుటివానిని కాపాడు కీలు దానిలో లేదు. ఉండుట కవకాశమును లేదు.

ఆ యెదుటివారి పట్టిక దీర్ఘమైనది. 1904 జూన్ 16న ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో రష్యా గవర్నరు జనరలు బాబ్రికోవు 1900 నమూనాకు బలియయ్యెను. 1909 అక్టోబరు 26న హార్బిను రైలు స్టేషనులో కొరియా దేశభక్తుడు ఆన్ జుంగ్-గ్యున్ జపాను రాజనీతిజ్ఞుడు ఇటోను ఆ నమూనాతోనే కాల్చెను. మన దేశమునకు కూడ అవి చేరెను. లండనులోని సావర్కరు 20 బ్రౌనింగు పిస్తోళ్ళను పెట్టె అడుగున రహస్యముగా అమర్చి పంపగా, వానిలో ఒకదానితో 1909 డిసెంబరు 21న నాసికులో అనంత కన్హేరే కలెక్టరు జాక్సనును చంపెను. 1911 జూన్ 17న తిరునెల్వేలి సీమలోని మణియాచ్చి స్టేషనులో కలెక్టరు ఆషును వాంచినాథన్ కాల్చినది కూడ బెల్జియములో చేసిన బ్రౌనింగుతోనే. విదేశీప్రభువు చేతిలో ఫిరంగులున్నపుడు, దాచదగిన చిన్న ఆయుధమే లేనివాని ఫిరంగి యయ్యెను. అదే ఆయుధము దొంగల జేబులలోను ఉండెను.

బ్రౌనింగు వ్యాపారజీవితము ఈలోగా మారిపోయెను. తానే నింపుకొను వేటతుపాకిపై అమ్మిన ప్రతిదానికి వాటా కోరగా వించెస్టరువారు నిరాకరించిరి. 1902లో ఆ బంధము తెగెను. ఆయన రెమింగ్టను కంపెనీకి పోయి అధ్యక్షుని దర్శనమునకై కూర్చుండియుండగా, ఆ మధ్యాహ్నమే అధ్యక్షుడు హార్ట్లీ గుండెపోటుతో మరణించెనను వార్త వచ్చెను. పిదప ఓడయెక్కి బెల్జియమునకు పోయెను. అమెరికా సైన్యము 1911లో స్వీకరించిన పెద్ద పిస్తోలు, పరీక్షలో 6000 తూటాలు కాల్చినను ఒక్కమారైనను తడబడనిది, ఆయనదే. కాని అది జేబులో పట్టునది కాదు.

1914 ఆరంభమున ఎర్స్టాలు కర్మాగారమువారు పది లక్షల బ్రౌనింగు పిస్తోళ్ళు పూర్తియైనందుకు ఉత్సవము చేసిరి. బెల్జియము రాజు ఆల్బర్టు ఆయనకు లియోపోల్డు బిరుదు నొసగెను. కొన్ని నెలలు గడిచెను. జూన్ 28న సరయేవో వీథిలో గవ్రిలో ప్రిన్సిపు ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చెను. అనేక గ్రంథములలో అది 1900 నమూనా యని వ్రాయబడియున్నది, అది పొరపాటు. కుట్రదారులకు లభించిన నాలుగును ఎర్స్టాలులో చేసిన 1910 నమూనా పిస్తోళ్ళు, 9 మిల్లీమీటర్ల పొట్టి తూటా వాడునవి. తరువాత ఆరు వారములైనను గడువకముందే జర్మను సేనలు బెల్జియముపై బడెను. ఆ పిస్తోళ్ళు పుట్టిన లియేజి నగరమే తొలి దెబ్బలు తినెను. కర్మాగారము శత్రువశమయ్యెను. యుద్ధకాలమున బ్రౌనింగు తన దేశ ప్రభుత్వమునకు మరతుపాకులు మున్నగువాని హక్కులను 7,50,000 డాలర్లకే ఇచ్చివేసెను. వాటా కోరియున్నచో దానికి ఎన్నో రెట్లు వచ్చియుండెడిది. అన్నదమ్ముల బేరము లన్నిటిని నడపుచు వచ్చిన మాటు 1923లో చనిపోయెను.

1926 నవంబరు 26న బ్రౌనింగు ఎర్స్టాలు కర్మాగారమున, కుమారుడు వాలు పనిచేయుచోట, పనిబల్ల యొద్ద నుండగా గుండె ఆగి మరణించెను. వయస్సు 71 సంవత్సరములు, పేటెంట్లు 128. దేహమును సముద్రము దాటించి ఆగ్డెనులో ఖననము చేసిరి. ఆయన ప్రారంభించిన పదమూడు తూటాల పెద్ద పిస్తోలును కర్మాగారపు శిల్పి సేవు 1935 నాటికి పూర్తిచేసెను.

ఆయన పోయిన రెండేండ్లకు, 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సుపై భగత్ సింగు కాల్చినది కోల్టు కంపెనీ చేసిన 7.65 పిస్తోలు. 1948 జనవరి 30న గాంధీజీని బలిగొన్న పిస్తోలు ఇటలీలో చేసినది. కాని దానిలోని 9 మిల్లీమీటర్ల పొట్టి తూటా బ్రౌనింగు రూపొందించినదే. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడు పార్కులో పోలీసుల నడుమ ఒంటరిగా పోరాడి నేలకొరిగిన చంద్రశేఖర ఆజాదు చేతిలో నుండినది కోల్టువారి 1903 నమూనా. అది అలహాబాదు మ్యూజియమున భద్రపరచబడియున్నది. ఆ నమూనా పిస్తోళ్ళ తొడుగుపై కంపెనీ పేరు, హార్ట్‌ఫర్డు నగరము పేరు, 1897 ఏప్రిలు 20 అను పేటెంటు తేది చెక్కియుండును.