బ్రౌన్ దొరకూ మన పిల్లలకూ ఒకటే చిక్కు



మీ పాప ‘ఫీవర్ కేమ్’ అనో, ‘పుట్ ప్రామిస్’ అనో అంటే కంగారు పడకండి. జ్వరం రావడం, ఒట్టు పెట్టడం తెలుగులో కుదిరిన జతలు. ఇంగ్లీషులో ఫీవర్‌కి హావ్, ప్రామిస్‌కి మేక్ జత. ఇదే చిక్కును అవతలి వైపు నుంచి పడ్డ ఒకాయన మన పక్కనే మచిలీపట్నంలో కంపెనీ ఉద్యోగం చేశారు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో మద్రాసు వచ్చాక వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు మొదలుపెట్టారు. తర్వాత కడప, మచిలీపట్నం, రాజమండ్రి. జడ్జిగా కూర్చుంటే ఎదుట సాక్షి మాట్లాడేది పుస్తకాల తెలుగు కాదు. ఒకడు మాట ఇచ్చాడు, ఒకడు మాట తప్పాడు, ఇంకొకడు మాట పడ్డాడు. మాట అంటే తెలుసు, పడటం అంటే తెలుసు. రెండూ కలిస్తే? అక్కడ పొరపడితే నష్టపోయేది ఎదుట నిలబడ్డ రైతు.

బ్రౌన్ సొంత జీతంలోంచి పండితులను పెట్టుకున్నారు, అప్పులూ చేశారు. కడపలో, మచిలీపట్నంలో ఉచిత బడులు పెట్టారు (ఫీజు కట్టే మీకు ఈ ముక్క చెప్పడం కాస్త ఇబ్బందే). 1850ల మొదట్లో ఆయన నిఘంటువులు అచ్చయ్యాయి. పండితులు చిన్నచూపు చూసిన వాడుక మాటలకూ వాటిలో చోటిచ్చారు. ఒక పదానికి ఒక అర్థం ఇచ్చి వదిలేయకుండా, అది ఏ మాట పక్కన ఎలా మారుతుందో వాడుకతో చూపించారు.

క్యాచ్ అనే మాటనే చూడండి. కొల్లేరులో చేపలు పడతాం. తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రైలు అందుకుంటాం. గడ్డివాము అంటుకుంటుంది. జలుబు చేస్తుంది. ఇంగ్లీషులో నాలుగింటికీ క్యాచే. నేను కూడా మొదట్లో క్యాచ్ అంటే పట్టుకొను అని ఒక్క ముక్క రాయించి ఊరుకునేదాన్ని. నోట్సు నిండింది గానీ పిల్లలకు మాట రాలేదు.

ఇంట్లో తెలుగు మానేయమంటారా అని మీటింగుల్లో అడుగుతుంటారు. వద్దండీ. జలుబు చేసింది అని తెలుగులో తడుముకోకుండా అనగలిగే పిల్లకే ఇంగ్లీషులో అక్కడ వేరే మాట వస్తుందని చూపించగలను.

బ్రౌన్ ఉద్యోగం విడిచి ఇంగ్లండు వెళ్ళాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1884లో అక్కడే కన్నుమూశారు. ఆయన నిఘంటువు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ ఆదివారం పాపను పక్కన కూర్చోబెట్టుకుని బ్రేక్, కీప్, టేక్ అనే మూడు మాటలు తీసి చూడండి.